నీటికి కంచె కట్టగలమా?
ఉపగ్రహ చిత్రాలతో కొల్లేరు లెక్క

బహ్రెయిన్‌లో ఒక సామెత ఉంది. "అధారీ ఊటలాంటివాడు, దూరపువాళ్ళకి నీళ్ళు పోస్తాడు, దగ్గరవాళ్ళని ఎండగడతాడు" అంటారు. మన "అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు బంగారు గాజులు చేయిస్తానన్నాడట" లాంటిదన్నమాట. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక స్థానిక మిత్రుడు చెప్పాడు. ఏదో సరదా సామెత అనుకున్నాను కానీ, అధారీ అనే ఊట నిజంగానే ఉండేదని, అది మనామాకి దగ్గర్లోనే ఉందని తర్వాత తెలిసింది. ఒక శుక్రవారం పిల్లలతో వెళ్ళి చూశాం. అక్కడ ఇప్పుడు వినోదాల పార్కు ఉంది. ఊట మాత్రం లేదు. దూరపు తోటలకి కాలవలు కట్టి నీరిచ్చిన ఆ నేల తనంతట తాను నీరు పైకి పంపడం మానేసి దశాబ్దాలు దాటింది.

అదే వారంలో కైకలూరు దగ్గర్నించి మా మావయ్య ఫోను చేశాడు. ఆయనకి ఈమధ్య కొత్త స్మార్టుఫోను, అందులో మ్యాపులు చూడడం సరదా. "ఒరేయ్, మీ కంప్యూటరోళ్ళు పెట్టిన మ్యాపులో కొల్లేరు చూశావా? ఎక్కడ చూసినా నీళ్ళే కదరా! మరి పేపరోళ్ళేమో కొల్లేరు చచ్చిపోతోందని రాస్తారేంటి?" అన్నాడు.

ప్రశ్న తేలిగ్గానే ఉంది. జవాబు చెప్పబోయి తడబడ్డాను. రోజంతా డేటాబేసులతో కుస్తీ పట్టేవాడిని, ఒక సరస్సు బతికుందో లేదో డేటా చూసి చెప్పలేకపోతే ఎలా? ఆ పట్టుదలతో కొన్ని వారాంతాలు కూర్చుని నేర్చుకున్నదే ఈ వ్యాసం. అభయారణ్యమనీ, సంరక్షిత ప్రాంతమనీ ప్రభుత్వాలు గీత గీస్తాయి కదా, ఆ గీత మంచినీటి జీవులని నిజంగా కాపాడుతోందా? కాపాడుతోందని ఎలా తెలుస్తుంది? ఇందులో జీవశాస్త్రం కొంచెమే. మిగతాదంతా మనకి బాగా అలవాటైన టెస్టింగే.

ముందుగా సమస్య ఎంతటిది?

నదులు, చెరువులు, సరస్సులు అన్నీ కలిపినా భూమి ఉపరితలంలో ఒక శాతం కూడా ఉండవు. కానీ ప్రపంచంలోని చేపజాతుల్లో దాదాపు సగం ఆ కాస్త నీటిలోనే బతుకుతున్నాయి. ఇంత చిన్న జాగాలో ఇన్ని ప్రాణులు ఉంటే, ఆ జాగాకి ఏం జరిగినా దెబ్బ గట్టిగా తగులుతుంది.

ప్రపంచ వన్యప్రాణి నిధి 2024లో వెలువరించిన లివింగ్ ప్లానెట్ నివేదిక ప్రకారం, 1970కీ 2020కీ మధ్య గమనించిన మంచినీటి జీవుల సమూహాలు సగటున 85 శాతం తగ్గాయి. దీన్ని నూటికి 85 జంతువులు చచ్చిపోయాయని చదువుకోకూడదు. ఒక్కొక్క సమూహం ఎంత తగ్గిందో లెక్కగట్టి, ఆ తగ్గుదలల సగటు తీశారు. అడవిలో, సముద్రంలో బతికే జీవులకన్నా మంచినీటి జీవుల తగ్గుదలే ఎక్కువ. 2025 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం 23,496 జాతుల మంచినీటి చేపలు, తూనీగలు, పీతలు, రొయ్యలని పరిశీలించింది. వాటిలో దాదాపు నాలుగో వంతు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది.

ఇటు నష్టం ఇలా ఉంటే, అటు కాగితం మీద రక్షణ పెరుగుతోంది. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచదేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. 2030 నాటికి నేలలోనూ లోతట్టు జలాల్లోనూ 30 శాతాన్ని, సముద్రంలో 30 శాతాన్ని సంరక్షించాలన్నది అందులో ఒక లక్ష్యం. "లోతట్టు జలాలు" అన్న మాటని ప్రత్యేకంగా చేర్చడం మంచిదే. అయితే 30 శాతానికి గీతలు గీసేస్తే పని అయిపోయినట్టేనా?

"ముందు–తర్వాత" అనే మోసం

మీ ప్రోజెక్టులో సోమవారం ఒక ప్యాచ్ పెట్టారనుకోండి. మంగళవారానికి సైటు నెమ్మదించింది. ప్యాచ్ చెడ్డదేనా? మంగళవారం పండగ అమ్మకాలు మొదలై, వచ్చేవాళ్ళ సంఖ్య రెండింతలు అయ్యుండొచ్చు. ప్యాచ్ లేకపోతే సైటు పూర్తిగా కూలబడేదేమో! అందుకే మనం సగం సర్వర్లకి ప్యాచ్ పెట్టి, సగం వదిలేసి, రెండింటినీ పోల్చి చూస్తాం.

సరస్సులకీ ఇదే సూత్రం. ఊహించుకున్న అంకెలతో చూద్దాం. "అ" అనే సరస్సులో వెయ్యి పక్షులున్నాయి. దాన్ని అభయారణ్యం చేశారు. పదేళ్ళ తర్వాత ఎనిమిదివందలు మిగిలాయి. ముందు–తర్వాత మాత్రమే చూస్తే అభయారణ్యం విఫలమైందని రాసేస్తాం. ఇప్పుడు అదే జిల్లాలో, అదే పరిమాణంలో ఉన్న "ఆ" అనే సరస్సుకి ఏ రక్షణా లేదు. అక్కడా మొదట వెయ్యి ఉండేవి, పదేళ్ళకి ఐదువందలకి పడిపోయాయి. అంటే రక్షణ లేకపోతే "అ"లో కూడా ఐదువందలే మిగిలేవి అనుకోవచ్చు. ఆ గీత మూడువందల పక్షులని కాపాడినట్టు లెక్క.

దీన్ని తిరగేసి కూడా చూడాలి. "అ"లో పక్షులు వెయ్యి నుంచి పన్నెండువందలు అయ్యాయి. మంత్రిగారు వచ్చి ఫోటో దిగారు. కానీ రక్షణ లేని "ఆ"లో కూడా పన్నెండువందలే అయ్యాయి. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, అంతే! గీత వల్ల ఒరిగిందేమీ లేదు.

ముందు, తర్వాత, రక్షణ ఉన్నచోట, లేనిచోట – ఈ నాలుగు గళ్ళూ నిండితేనే లెక్క సరిగ్గా వస్తుంది. ఒక్క షరతు ఉంది. పోల్చే రెండు సరస్సులూ మొదట్నించీ ఒకేలాంటివి కావాలి. అభయారణ్యాలని తరచుగా ఎవరికీ అక్కర్లేని చోట, కొండల్లో కోనల్లో పెడుతుంటారు. వాటిని పట్నం పక్కన ఉన్న చెరువుతో పోల్చి "చూశారా, ఎంత పచ్చగా ఉందో" అంటే అది గెలిచే పందెమే కదా.

ఈ నాలుగు గళ్ళ లెక్కని ప్రపంచస్థాయిలో ఒక బృందం నిజంగానే కట్టింది. 2022లో నేచర్‌లో హనా వాచోప్, ఆమె సహచరులు 1,506 సంరక్షిత ప్రాంతాలనీ, వాటిలోని నీటిపక్షుల 27,055 సమూహాలనీ ఇలా పరీక్షించారు. ఫలితం మిశ్రమంగా వచ్చింది. కొన్నిచోట్ల రక్షణ పనిచేసింది, చాలాచోట్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. స్పష్టంగా తేలిన విషయం ఏమిటంటే, నీటిపక్షుల కోసం, వాటి ఆవాసం కోసం ప్రత్యేకంగా నిర్వహణ ఉన్నచోట ఫలితం మెరుగ్గా ఉంది. ఉత్త గెజెట్ ప్రకటన పక్షిని బతికించలేదు. మన భాషలో చెప్పాలంటే, సాఫ్ట్‌వేరు కొని లైసెన్సు గోడకి తగిలించినంత మాత్రాన పని జరగదు, దాన్ని నడిపే మనిషి ఉండాలి.

కొల్లేరు: ఒకే సరస్సు, మూడు కొలతలు

ఇక మన ఇంటి కథకి వద్దాం. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు, రెండు డెల్టాల మురుగుకాలవలు దానిలోకి వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

"కొల్లేరు విస్తీర్ణం ఎంత?" అని వెతికితే మొదటి చిక్కు ఎదురవుతుంది. 1999లో ప్రకటించిన అభయారణ్యం సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపల సుమారు 308 చదరపు కిలోమీటర్లు. దీన్నే మనవాళ్ళు "ఐదో కాంటూరు" అంటారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా నమోదైనప్పుడు రాసినది 901 చదరపు కిలోమీటర్లు. 2001 నాటి ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఒక అధ్యయనం 245 చదరపు కిలోమీటర్లని సరస్సుగా తీసుకుంది. మనలో ఎవరైనా ఒక నివేదికలోని శాతాన్ని ఇంకో నివేదికలోని శాతంతో పోల్చామంటే తప్పులో కాలేసినట్టే. హారం ఏమిటో చూడకుండా శాతాన్ని నమ్మకూడదు.

ఆ 2001 చిత్రాల అధ్యయనం ప్రకారం 245 చదరపు కిలోమీటర్లలో సుమారు 42 శాతం చేపల చెరువులు, ఇంకో 8.5 శాతం వరిపొలాలు. మిగిలినది మళ్ళించిన నీరో, కలుపు కమ్మిన నీరో. తేటగా ఉన్న నీరు కనిపించనే లేదు. గమనించండి, అభయారణ్యం ప్రకటించి అప్పటికి రెండేళ్ళు.

తర్వాతి కథ నాకు కొంత కళ్ళారా తెలుసు. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల మీద 2006లో "ఆపరేషన్ కొల్లేరు" జరిగింది. ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు పొక్లెయిన్లతో తెగ్గొట్టారు. నేనప్పుడు ఇంటరు చదువుతున్నాను, వేసవి సెలవలకి అమ్మమ్మగారింట్లో ఉన్నాను. మావయ్య వాటా ఉన్న చెరువు కూడా పోయింది. ఆయన గట్టు మీద నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చూశాడు తప్ప ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆ చెరువు మీద తెచ్చిన అప్పు మాత్రం చాలా ఏళ్ళు ఉంది. ఈ వ్యాసం రాస్తూ ఆ సంగతి పక్కన పెట్టలేను. గీత లోపల చేపలూ పక్షులే కాదు, లంక గ్రామాల్లో జనమూ ఉన్నారు.

2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన పి. ఎ. అజీజ్ నాయకత్వంలోని నిపుణుల సంఘం ఐదో కాంటూరునే ఉంచమంది. గీత ఎక్కడ ఉండాలన్న వాదన కొల్లేటి చాంతాడులా సాగుతుండగానే, గీత లోపల చెరువులు మళ్ళీ మొలిచాయి. 2020లో జర్మనీలోని మార్బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి మీనాకుమారి కొల్లి, ఆమె సహచరులు 1999 నుంచి 2018 వరకు ల్యాండ్‌శాట్ చిత్రాలని గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో విశ్లేషించి, గట్లు తెగ్గొట్టిన తర్వాత కూడా చేపల సాగు తిరిగి విస్తరించిందని చూపించారు.

మావయ్య అడిగిన ప్రశ్నకి సాంకేతిక జవాబు

ఉపగ్రహం నీటిని ఎలా గుర్తుపడుతుంది? నీరు ఆకుపచ్చ కాంతిని కొంత తిప్పికొడుతుంది, కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని దాదాపు మొత్తం మింగేస్తుంది. మొక్కలు దీనికి వ్యతిరేకం, పరారుణాన్ని బాగా తిప్పికొడతాయి. ఈ తేడా మీద 1996లో మెక్‌ఫీటర్స్ అనే శాస్త్రవేత్త ఒక సూచిక ప్రతిపాదించాడు:

నీటి సూచిక = (ఆకుపచ్చ – సమీప పరారుణం) ÷ (ఆకుపచ్చ + సమీప పరారుణం)

జవాబు ఎప్పుడూ –1కీ +1కీ మధ్య ఉంటుంది. సున్నా కన్నా ఎక్కువైతే నీరు, తక్కువైతే నేలో మొక్కలో. ఒక్కొక్క పిక్సెలుకీ ఒక కూడిక, ఒక తీసివేత, ఒక భాగహారం. ఇంతకన్నా తేలికైన ప్రోగ్రాము మీరు కాలేజీలో కూడా రాసుండరు.

నేను కొల్లేరు మీద దీన్ని నడిపి చూశాను. తెర మీద నీలం పరుచుకుంది. మావయ్య చెప్పింది అక్షరాలా నిజం, ఎక్కడ చూసినా నీళ్ళే!

చిక్కంతా అక్కడే ఉంది. సూచికకి నీరు తెలుసు, సరస్సు తెలియదు. గట్టు కట్టి, మేత వేసి, మందులు చల్లి బొచ్చె, శీలావతి పెంచే చెరువులోనూ నీళ్ళే. కొర్రమీను, వాలుగ, జెల్ల తమంతట తాము పుట్టి పెరిగే కొల్లేటిలోనూ నీళ్ళే. ఉపగ్రహానికి రెండూ ఒకే నీలం. ఇంకా వింత ఏమిటంటే, కిక్కిస గడ్డి పెరిగిన మంచి చిత్తడి నేలని ఈ సూచిక "నీరు కాదు" అంటుంది. గుర్రపుడెక్క కమ్మేసిన పాడు నీటిని కూడా అలాగే "నీరు కాదు" అంటుంది. అంటే ఇది రెండువైపులా తప్పుతుంది. పక్షి గూడు కట్టుకునే చోటుని వదిలేసి, చేపల చెరువుకి మార్కులు వేస్తుంది.

ఈ పొరపాటు కొల్లేటికే పరిమితం కాదు. 2016లో యూరపు సంయుక్త పరిశోధన కేంద్రం, గూగుల్ కలిసి 1984 నుంచి 2015 వరకు తీసిన 30 లక్షల ల్యాండ్‌శాట్ చిత్రాలతో భూమ్మీది నీటి పటం తయారుచేశాయి. దాని ప్రకారం దాదాపు 90 వేల చదరపు కిలోమీటర్లలో శాశ్వతంగా ఉండే నీరు మాయమైంది. కానీ 1,84,000 చదరపు కిలోమీటర్లలో కొత్తగా వచ్చింది, ఎక్కువగా ఆనకట్టల వెనక. నికరంగా నీరు పెరిగింది. అదే కాలంలో మంచినీటి జీవులు తగ్గిపోతూనే ఉన్నాయి. నీటి విస్తీర్ణం పెరగడమూ నీటిలో జీవం పెరగడమూ ఒకటి కాదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మరి చెరువునీ సరస్సునీ ఎలా విడదీయాలి? మూడు ఉపాయాలున్నాయి. మొదటిది ఆకారం. ప్రకృతి నలుచదరాలు గియ్యదు, మనిషే గీస్తాడు. తిన్నని అంచులూ, మూలలూ, గట్లూ ఉన్న నీటిముక్కలని వేరుచెయ్యొచ్చు. రెండోది కాలం. కొల్లేరు వానాకాలంలో ఉబ్బి, వేసవిలో కుంచించుకుపోతుంది. చేపల చెరువులో ఏడాది పొడుగునా నీరు నిలిపి ఉంచుతారు. పన్నెండు నెలల చిత్రాలు వరసగా పెడితే, ఊపిరి తీసేది ఏదో, బిగబట్టి ఉన్నది ఏదో కనిపిస్తుంది. మూడోది నేలమీద ఉన్న మనిషి. ఊరివాళ్ళని ఒక్క మాట అడిగితే తెలిసే సంగతిని యంత్రానికి నేర్పడానికి వందల నమూనాలు కావాలి.

పక్షిని లెక్కపెడితే సరిపోతుందా?

నీరు మోసం చేస్తే పక్షులని లెక్కపెడదాం అనిపిస్తుంది. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వేలల్లో గూళ్ళు కడతాయి. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ అవి గూళ్ళు కట్టేది చాలావరకు అటవీశాఖ నీటిలో నిలబెట్టిన ఇనుప మంచెల మీద. మేతకి పోయేది చుట్టుపక్కల చేపల చెరువులకి కూడా. అంటే గూడబాతుల సంఖ్య పెరిగినంత మాత్రాన కొల్లేరు కోలుకుందని చెప్పలేం. కొర్రమీను ఎంత ఉంది, నీటిలో ప్రాణవాయువు ఎంత ఉంది, ఉప్పుటేరు మీదుగా ఉప్పు ఎంత ఎగదన్నుతోంది – ఇవి గూడబాతు చెప్పదు. పైన చెప్పిన 1,506 ప్రాంతాల అధ్యయనానికీ ఇదే పరిమితి. అది నీటిపక్షుల అధ్యయనం. చేపల గురించి అంత పెద్ద లెక్క కట్టడం కష్టం, ఎందుకంటే నీటి కింద ఉన్నవాటిని ఎవరూ ప్రతి జనవరిలో నిలబడి లెక్కపెట్టరు.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం – ఈ రెండు ఊళ్ళలో గూడబాతులు జనం మధ్యే గూళ్ళు కడతాయి. తేలినీలాపురంలో ఆ పక్షులు రావడం ఊరికి శుభమని నమ్ముతారు, ఎవరూ రాయి విసరరు. 308 చదరపు కిలోమీటర్ల గీత ఒకచోట, ఊరి కట్టుబాటు ఒకచోట. నిర్వహణే ముఖ్యమన్న ప్రపంచ ఫలితానికి మన ఊళ్ళే ఉదాహరణ.

నీరు గీత దాటుతుంది

ఇక అసలు సంగతి. అడవికి కంచె కడితే పులి దాదాపు లోపలే ఉంటుంది. నీటికి ఆ సౌలభ్యం లేదు. కొల్లేటి గీత లోపలి ప్రతి గట్టునీ రేపు తెల్లారేసరికి తీసేసినా, ఏలూరు మురుగు, పొలాల ఎరువులు, ఫ్యాక్టరీల వ్యర్థం గీత బయటనించే వస్తాయి. ఎగువన నీటి వాడకం పెరిగి మంచినీరు తగ్గితే, దిగువ నుంచి ఉప్పునీరు ఎక్కుతుంది. ఎగువనా దిగువనా జరిగేది మీ చేతిలో లేనప్పుడు, మధ్యలో మీ గీత ఎంత గట్టిదైనా లాభం తక్కువ. మనం ఒక సర్వరుకి మాత్రం గట్టి తాళం వేసి, దానికి డేటా పంపే పది సిస్టములని గాలికి వదిలేసినట్టు.

ఇది పక్షుల బాధ మాత్రమే కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకి పేటలు మునిగిపోయిన సంగతి మనందరికీ గుర్తుంది. మనలో చాలామంది ఆ రెండు రోజులూ ఇంటికి ఫోను కలవక నిద్రపోలేదు. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. వరద పల్లానికి పోవాలంటే పల్లం ఖాళీగా ఉండాలి, దారి తెరిచి ఉండాలి. గట్లతో నిండిన కొల్లేరు, పూడిన ఉప్పుటేరు ఎగువ ఊళ్ళకి కూడా ప్రమాదమే.

నీటి దారిని బాగుచేస్తే ఏమవుతుందో చిలికా చూపించింది. అది మంచినీటి సరస్సు కాదు, ఉప్పు–మంచి కలిసిన మడుగు. అయినా పాఠం పనికొస్తుంది. సముద్రానికి పోయే మూతి పూడిపోయి దెబ్బతిన్న చిలికాని 1993లో రామ్‌సార్ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చారు. 2000లో కొత్త మూతి తవ్వారు, పరీవాహక ప్రాంతంలో పని చేశారు, జాలర్లని కలుపుకున్నారు. 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. అక్కడ గెలిపించింది గీత కాదు, నీటి రాకపోకలు.

మళ్ళీ అధారీ దగ్గరికి

బహ్రెయిన్‌లో కూడా రామ్‌సార్ చోట్లు రెండున్నాయి, తూబ్లీ అఖాతం, హవార్ దీవులు. రెండూ 1997లో నమోదయ్యాయి, రెండూ సముద్రపు చోట్లే. మంచినీటి ఊటలకి మాత్రం అటువంటి గీత దక్కలేదు. ఆ ఊటల్లో, వాటి కాలవల్లో చిన్న చేపలు, కాస్పియన్ తాబేళ్ళు బతికేవి. పోనీ గీత గీసి ఉంటే ఊట బతికేదా? నాకు నమ్మకం లేదు. ఇక్కడి భూగర్భజలం సౌదీ తూర్పు ప్రాంతం నుంచి దమ్మామ్ అనే రాతిపొర గుండా కిందకిందే వస్తుంది. ఏడాదికి సహజంగా చేరేది సుమారు 11 కోట్ల ఘనపు మీటర్లు. 1925లో ఫ్రాంక్ హోమ్స్ ఇక్కడ నీటి బావులు తవ్వాడు. చమురు కోసం ఒప్పందం ఆయనకి ఆ తర్వాతే దక్కింది, 1932లో చమురు పడింది. ఊరు పెరిగింది, బావులు పెరిగాయి, చేరేదానికన్నా తోడేది మించిపోయింది. ఊటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, అడుగున ఉప్పు చేరింది. అధారీ చుట్టూ ఎంత ఎత్తు గోడ కట్టినా ఈ దారిని ఆపలేకపోయేది.

ఈ వారాంతం మీరే చేసి చూడండి

మీకూ మీ ఊరి చెరువో, ఏరో ఉంటుంది. 2008 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలన్నీ ఉచితం. 30 మీటర్ల పిక్సెలుతో 1980ల దాకా వెనక్కి వెళ్ళొచ్చు. 2015 తర్వాతైతే సెంటినెల్–2 చిత్రాల్లో 10 మీటర్లవరకు కనిపిస్తుంది. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తే సెంటినెల్–1 రాడారు మబ్బుల గుండా చూస్తుంది. గూగుల్ ఎర్త్ ఇంజిన్ పరిశోధనకీ చదువుకీ ఉచితంగానే దొరుకుతుంది. జావాస్క్రిప్టు, పైథాన్ ఏది వచ్చినా చాలు.

ఒకటి, సరిహద్దు గీసుకుని అది దేని సరిహద్దో రాసిపెట్టుకోండి. రెండు, ప్రతి ఏడూ అదే నెల చిత్రాలు తీసుకోండి, ఒక ఏడు మే, ఒక ఏడు నవంబరు పోల్చకండి. మూడు, నీటి సూచిక కట్టి, ఆపైన ఆకారం, రుతువు చూసి చెరువులని విడదీయండి. నాలుగు, గీత లోపలే కాక బయట కూడా కొలవండి, రక్షణ లేని ఇంకో చోటుని పక్కన పెట్టుకోండి. ఐదు, నేలమీది లెక్కతో సరిపోల్చండి. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. సంక్రాంతికి ఊరెళ్ళినవాళ్ళు ఒక పొద్దున్న దానికి ఇవ్వొచ్చు.

పోయినవారం మావయ్యకి ఫోను చేసి ఇదంతా చెప్పాను. మ్యాపులో కనిపించే నీలంలో ఎంత చెరువో ఎంత కొల్లేరో విడదీసి, రంగులు వేసిన బొమ్మ కూడా పంపాను. చాలాసేపు చూశాడు. "మా చెరువున్న చోటు ఇదే కదూ" అని గుర్తుపట్టాడు. తర్వాత అన్నాడు: "సరేరా, లెక్క బాగానే ఉంది. చిన్నప్పుడు మేము మావులేసి పట్టిన కొర్రమీను ఇప్పుడు దొరకట్లేదు, అదీ నిజమే. కానీ ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళు ఎట్టా బతకాలో కూడా మీ లెక్కలో ఒక గడి పెట్టండి."

ఆ గడి నా పటంలో ఇంకా ఖాళీగానే ఉంది. పైన చెప్పిన నాలుగు గళ్ళకి ఇది ఐదోది. అది నిండకుండా గీసిన గీతని, ముందు చెప్పిన పొక్లెయిన్ల కథలాగే, కొన్నేళ్ళకి మళ్ళీ గట్లు తినేస్తాయి. ఈ సంక్రాంతికి ఊరెళుతున్నాను. ల్యాప్‌టాపు తీసి మంచం మీద పెట్టి, మావయ్యతో కూర్చుని మొదలుపెడదామని ఉంది.